సడెన్‌లింక్‌ను కేబుల్‌విజన్ కొన్నదా?

అమెరికా కేబుల్ టీవీ సంస్థల గురించి మీరు వేసిన కాలక్రమ పట్టికలో, సడెన్‌లింక్‌ను కేబుల్‌విజన్ కొన్నదని రాశారు. ఆ కాలక్రమం తప్పడానికి కారణం బ్రాండు పేరును కంపెనీ పేరుగా తీసుకోవడమే. టెక్సాస్‌లో ఒకప్పటి సడెన్‌లింక్ బిల్లు మీద ఇప్పుడు 'ఆప్టిమమ్' అని ఉన్నంత మాత్రాన, ఆ పేరును ముందునుంచీ వాడిన న్యూయార్క్ కేబుల్‌విజన్ దాన్ని కొన్నట్టు కాదు.

1. ఛార్లెస్ డోలన్ 1973లో లాంగ్ ఐలండ్‌లో కేబుల్‌విజన్‌ను స్థాపించారు.

2. యూరప్‌కు చెందిన టెలికాం సంస్థ ఆల్టీస్ 2015 డిసెంబరులో సడెన్‌లింక్‌లో మెజారిటీ వాటాను, 2016 జూన్‌లో కేబుల్‌విజన్‌ను విడివిడిగా కొన్నది.

3. చాలామంది దాటేసేది ఇక్కడే: యాజమాన్యం మారిన తేదీ వేరు, పేరు మారిన తేదీ వేరు. సడెన్‌లింక్ ఆ తరువాత ఆరేళ్లకు పైగా పాత పేరుతోనే నడిచి, 2022లో గానీ ఆప్టిమమ్ కాలేదు. కాబట్టి మీ పట్టికలో ఈ రెండు తేదీలకూ వేర్వేరు గడులు పెట్టండి. డోలన్ కుటుంబం నాలుగు దశాబ్దాలు నిలబెట్టిన సంస్థ కనుక, 2016 దాకా కేబుల్‌విజన్‌కు విడిగా ఒక వరుస ఇవ్వడమే న్యాయం.