అమ్మబోయే ఇంటికి కొత్త టైల్స్ వేయించాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో 14 ఏళ్ల కిందట కొన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, 1,100 చదరపు అడుగులు. వచ్చే ఏడాది అమ్మేద్దామనుకుంటున్నాం. హాల్లో నాలుగు టైల్స్ పగిలాయి, రెండు మూడు చోట్ల డొల్లగా మోగుతున్నాయి. మావారు ఇటాలియన్ మార్బుల్ వేయిస్తే మంచి రేటు పలుకుతుందంటున్నారు. తమ్ముడేమో పాత టైల్స్ మీదే కొత్తవి వేయించెయ్ అంటున్నాడు. ఏం చేస్తే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ మార్బుల్ ఆలోచన మానుకోమని మీవారికి చెప్పండి. 14 ఏళ్ల ఫ్లాట్‌కి రేటు పలికేది ఏరియాని బట్టి, ఏ అంతస్తులో ఉంది, ఏ ఫేసింగ్, కార్ పార్కింగ్ ఉందా, మీ వాటాకి స్థలం ఎన్ని గజాలొస్తుంది, వీటిని బట్టి. కింద మార్బుల్ పరిచారని పక్క ఫ్లాట్ కంటే లక్షలు ఎక్కువిచ్చి కొనేవాళ్లు చాలా అరుదు. పైగా మార్బుల్‌కి పాత టైల్స్ మొత్తం పగలగొట్టాలి, వేశాక రకరకాల రాళ్లతో నాలుగైదు సార్లు పాలిష్ పట్టాలి, ఇంత చేశాక కూడా నిమ్మరసం పడితే మచ్చ, పసుపు పడితే మచ్చ. మీరు వదిలి వెళ్లే ఇంటికి అంత కష్టం ఎందుకు?

అలాగని నేల సంగతి పట్టించుకోనక్కర్లేదని కాదు. మంచి నేల రేటు పెంచకపోవచ్చు గానీ పాడైన నేల మాత్రం కచ్చితంగా తగ్గిస్తుంది. మన ఇళ్లకి వచ్చేవాళ్లు చెప్పులు గుమ్మం బయట వదిలి వస్తారు, కాబట్టి నేల ఎలా ఉందో కంటికన్నా ముందు పాదానికే తెలిసిపోతుంది. మొన్నామధ్య తెలిసినవాళ్ల ఫ్లాట్ చూడ్డానికి ఒకావిడ వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. హాలు, బెడ్‌రూములు చూసి బాగుందన్నారు, కిచెన్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగి కాలి బొటనవేలితో ఒక టైల్ అంచు తడిమారు, అది కొంచెం లేచి ఉంది, తొక్కితే టక్ మంటోంది. "కింద ఇంకా ఎన్ని ఇలా ఉన్నాయో" అన్నారు, అంతే, ఆ తర్వాత బేరం మొత్తం ఆ ఒక్క టైల్ చుట్టూనే తిరిగింది.

అందుకని మొదట ఒక పని చేయండి. రూపాయి బిళ్ల తీసుకుని హాల్లో ప్రతి టైల్ మీదా మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒకసారి కొట్టి చూడండి, డొల్లగా మోగినవాటి మీద సుద్దముక్కతో గీత పెట్టండి. వెట్రిఫైడ్ టైల్, అంటే బాగా కాల్చి గాజులా గట్టిపరిచిన రకం, నీళ్లు పీల్చదు కదా, అందుకే మామూలు సిమెంట్ పాలు పోసి అంటిస్తే సరిగ్గా పట్టుకోదు, పైగా మేస్త్రీ మూలలకి సిమెంట్ అందేలా వేయకపోతే కింద గాలి ఉండిపోతుంది. ఆ రోజుల్లో వేసిన చాలా ఇళ్లలో డొల్ల మోగడానికి కారణం ఇదే. గీతలు పెట్టినవి ఐదారు మాత్రమే అయితే వాటిని తీసి అడ్హెసివ్‌తో (టైల్స్ అంటించే జిగురుతో) మళ్లీ అంటిస్తే సరిపోతుంది. డొల్ల టైల్ జాగ్రత్తగా ఎత్తితే చాలాసార్లు పగలకుండానే వస్తుంది.

పగిలిన నాలుగింటికి జత దొరకడమే అసలు టెన్షన్. అదే కంపెనీ, అదే డిజైన్ అయినా బ్యాచ్ మారితే షేడ్ మారుతుంది, కొత్త టైల్ అతుకులా కనిపిస్తుంది. ముందు మీ అటక మీద వెతకండి, లేకపోతే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడిగి సెల్లార్లోనో టెర్రస్ మీదో బిల్డర్ వదిలేసిన పెట్టెలున్నాయేమో చూడండి, చాలాచోట్ల ఉంటాయి.

ఎక్కడా దొరకలేదు, సగం టైల్స్ డొల్లే అని తేలితే అప్పుడు హాలు, డైనింగ్ వరకు కొత్తవి వేయించండి, బెడ్‌రూములు వదిలేయండి. రంగు లేత క్రీమ్ గానీ లేత బూడిద గానీ, హాలు నుంచి డైనింగ్ దాకా ఒకటే టైల్, మధ్యలో బోర్డర్లూ పువ్వులూ వద్దు. మీకు నచ్చిన ముదురు రంగు కొనేవాళ్లకి నచ్చాలని లేదు. డబుల్ చార్జ్ రకం అడగండి, అందులో రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి మంచం జరిపినా సోఫా లాగినా గీత తొందరగా బయటపడదు.

ఇక మీ తమ్ముడు చెప్పినట్టు పాత టైల్స్ మీదే వేయడం. దుమ్ము, చప్పుడు తగ్గుతాయి, నిజమే. కానీ కింద డొల్ల ఉన్నచోట పైన ఎంత మంచి టైల్ వేసినా లాభం లేదు, కాబట్టి ముందు వాటిని తీయాల్సిందే. టైల్, అడ్హెసివ్ కలిపి నేల అర అంగుళం లేస్తుంది, తలుపుల అడుగులు కోయించాలి, బాల్కనీ గుమ్మం దగ్గర లెవెల్ చూసుకోవాలి. ఇంకొకటి చాలామంది మర్చిపోతారు: మీ హాలు ఈశాన్యంలో ఉంటే, అక్కడ మాత్రమే లేపితే ఈశాన్యం ఎత్తయిపోతుంది. మీరు వాస్తు నమ్ముతారా లేదా అన్నది వేరే సంగతి, కొనేవాళ్లు ఇంటికి వాస్తు సిద్ధాంతిని తీసుకొస్తారు.

మిగిలిన డబ్బు బాత్‌రూముల్లో పెట్టండి. ఒక చెంబుడు నీళ్లు గుమ్మం దగ్గర పోసి చూడండి, వాటం సరిగ్గా ఉంటే జాలీ వైపు పోతాయి, లేకపోతే మూలలో నిలుస్తాయి. అది సరిచేయించి, నల్లబడ్డ జాయింట్లు గీకించి ఎపాక్సీ గ్రౌట్, అంటే సందులు నింపే రెసిన్ ముద్ద, పెట్టించండి. కొనేవాళ్లకి బాత్‌రూమ్ నేల శుభ్రంగా, కాలు జారకుండా ఉంటే ఇల్లంతా బాగా చూసుకున్నారన్న నమ్మకం కలుగుతుంది, ఇది నేను ఎన్నో ఇళ్లలో చూశాను. బిల్లులు పారేయకండి, ఇల్లు అమ్మాక పన్ను లెక్కలో వీటిలో ఏది చూపించవచ్చో మీ ఆడిటర్‌ని అడగండి.

ప్రశ్న: తెనాలిలో నాన్నగారు 1986లో కట్టిన ఇల్లు. నేలంతా మొజాయిక్, వసారాలో కడప బండలు. అమ్మే ముందు టైల్స్ వేయిస్తే మంచిదని అందరూ అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వద్దండీ, దయచేసి ఆ మొజాయిక్ మీద టైల్స్ వేయించకండి. ఇన్నేళ్ల ఇండిపెండెంట్ ఇంటికి రేటు కట్టేది ప్రధానంగా గజాల లెక్కన, స్థలానికి. కొన్నవాళ్లు పడగొట్టి కట్టుకునేట్టయితే మీ టైల్స్ డబ్బు మట్టిలో పోసినట్టే. ఉండడానికి కొనేవాళ్లయితే పాలిష్ పట్టిన మొజాయిక్ చూసి ముచ్చటపడతారు, అందులోని పాలరాతి ముక్కలు మళ్లీ తేలి మెరుస్తుంటే ఈ కాలం టైల్ ఏదీ దానికి సాటి రాదు.

బీటలుంటే అదే రంగు కలిపిన సిమెంట్‌తో నింపించి, మిషన్‌తో ముతక రాయి నుంచి నున్నటి రాయి దాకా పాలిష్ పట్టించండి. ఆ బురద గోడల మీద కూడా చిందుతుంది కాబట్టి రంగులు ఆ తర్వాతే వేయించాలి. కడప బండలకి మాత్రం యాసిడ్ తగలనివ్వకండి. అది సున్నపురాయి, యాసిడ్ పడితే నలుపు పోయి తెల్లగా పాలిపోతుంది. సబ్బునీళ్లు, గట్టి బ్రష్షు చాలు.

ప్రశ్న: విశాఖలో కొత్త ఫ్లాట్ తీసుకుంటున్నాం. ఐదారేళ్లలో అమ్మే అవకాశం ఉంది. బెడ్‌రూముల్లో వుడెన్ ఫ్లోరింగ్ వేయిస్తే విలువ పెరుగుతుందా?
– కొత్త దంపతులు

జవాబు: వుడెన్ ఫ్లోరింగ్‌లో లామినేట్ రకం లోపల ఉండేది చెక్కపొడిని గట్టిగా నొక్కి చేసిన పలక, తేమ తగిలితే ఉబ్బుతుంది. మీది సముద్రపు గాలి, మనమేమో రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తాం. ఐదారేళ్లకి అమ్మకానికి పెట్టేసరికి అంచులు లేచి ఉంటే మీరే సమాధానం చెప్పుకోవాలి. చెక్క లుక్ ఇష్టమైతే చెక్క పలకలాంటి వెట్రిఫైడ్ టైల్ ఒక్క బెడ్‌రూమ్‌లో వేసుకోండి.

హాల్లో రెండు బై నాలుగు అడుగుల టైల్స్ వేస్తుంటే నేల సమంగా ఉందో లేదో ముందు చూపించుకోండి, పెద్ద టైల్ చిన్న ఎత్తుపల్లాన్ని కూడా దాచదు. టైల్స్ మధ్య సందు సమానంగా ఉంచే స్పేసర్లు పెట్టే వేయమనండి. ప్రతి రకంలో రెండు పెట్టెలు అదనంగా కొని అటక మీద నిలబెట్టి ఉంచండి, పెట్టె మీదున్న బ్యాచ్ నంబర్, షేడ్ నంబర్ అటక తలుపు లోపలి వైపు మార్కర్‌తో రాసి పెట్టండి.