బ్రూనో వచ్చేలోపు తలుపు గడియ సంగతి చూడు

చిరంజీవి స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ, నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసినప్పటి నుంచి నా కుశలం కాస్త తేడాగానే ఉంది. ఎవరో ఆస్ట్రేలియా వెళ్లిపోతూ నాలుగేళ్ల రాట్‌వీలర్ కుక్కని వదిలేస్తుంటే నువ్వు తెచ్చుకుంటానన్నావట. పేరు బ్రూనో అట. యాభై కిలోలట. మీ అమ్మకి ఏడుపొక్కటే తక్కువ. నాకు మాత్రం ముందు గర్వమేసింది. ముద్దొచ్చే కుక్కపిల్లని కొనుక్కునేవాళ్లు బోలెడుమంది. పెద్దయ్యాక ఎవరికీ అక్కర్లేనిదాన్ని తెచ్చుకునేవాళ్లు ఎందరున్నారు? ఆ తర్వాత మీ ఇంట్లో ఉన్న జున్ను గుర్తొచ్చింది. ఏడు కిలోల పోమరేనియన్, తొమ్మిదేళ్లు, ఒక కంట్లో శుక్లం. ఇంక రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే కాఫీ కూడా పెట్టుకోకుండా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

టీకాల కార్డు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, మున్సిపాలిటీ లైసెన్సు, ఇవన్నీ నీకు నేను చెప్పక్కర్లేదు. పాత యజమానిని మాత్రం ఒక్కటి అడుగు: చిన్న కుక్కల్ని, పిల్లుల్ని చూస్తే వీడేం చేస్తాడు? "వాడు బంగారం అండీ" అంటే నమ్మకు. ఆ మాట నేనూ చాలామందికి చెప్పాను.

మీ ఆయన "జాతిలో ఏం లేదు, అంతా పెంపకమే" అన్నాడని అమ్మ చెప్పింది. అబ్బాయి చదువుకున్నవాడే, సగం నిజమే చెప్పాడు. 2024 మార్చిలో ఢిల్లీ నుంచి రాష్ట్రాలకు ఒక ఉత్తరం వచ్చింది కదా, ప్రమాదకరమైనవంటూ 23 జాతుల పేర్లు రాసి, వాటిని అమ్మకుండా, పెంచకుండా ఆపమని. పిట్‌బుల్, రాట్‌వీలర్, అకిటా అన్నీ అందులో ఉన్నాయి. నెల తిరక్కుండా కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఎవర్నీ అడక్కుండా, ఎవరి మాటా వినకుండా ఇలా ఎలా చేస్తారని. ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ లేదు. కానీ 2023 జనవరిలో మీ హైదరాబాద్‌లోనే, బంజారాహిల్స్‌లో, పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన కుర్రాడు మీదికొచ్చిన జర్మన్ షెపర్డ్‌కి భయపడి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అది కరవను కూడా లేదు. జాబితా చూసుకుని ధైర్యంగా ఉండొచ్చనుకోవడం ఎంత తెలివితక్కువో చూడు.

ఇంగ్లండులో ఉన్న మా వాడు ఈ విషయంలో ఇంకో రకం. అక్కడ 1991లోనే చట్టం చేసి పిట్‌బుల్‌తో కలిపి నాలుగు జాతుల్ని నిషేధించారు, ముప్పై ఏళ్లు దాటాక ఎక్సెల్ బుల్లీ అని ఇంకోదాన్ని చేర్చారు. ఒకదాన్ని ఆపితే ఇంకోటి పుట్టుకొస్తోందమ్మా అంటాడు వాడు. నిజమే. అయినా నా మాట నాకుంది. ఏ కుక్క కరుస్తుందో జాతిని బట్టి చెప్పలేం. కరిచిన రోజు ఏమవుతుందో మాత్రం చెప్పొచ్చు. జున్నుకి కోపమొస్తే నీకు వేలికి ప్లాస్టర్ పడుతుంది. బ్రూనోకి కోపమొస్తే ఆసుపత్రి. వాళ్ల తాతముత్తాతలు జర్మనీలో పశువుల్ని తోలినవాళ్లు, కసాయివాళ్ల బళ్లు లాగినవాళ్లు. ఆ మెడ, ఆ దవడ దానికి పనికొచ్చేట్టు తయారైనవే. పెంపకం ఎంత బాగున్నా దవడ చిన్నదైపోదుగా.

ఇప్పుడు అసలు సంగతి. నా ఎడమచేతి చూపుడు వేలు ఎందుకు వంకరని చిన్నప్పుడు అడిగేదానివి. తలుపు సందులో నలిగిందని చెప్పేదాన్ని. ఒక రకంగా తలుపు వల్లే.

1993 వేసవి. రాజమండ్రిలో అద్దె ఇల్లు. అప్పట్లో జర్మన్ షెపర్డ్ అంటే ఎవరికీ తెలియదు, అల్సేషన్ అనేవాళ్లం. మా టైగర్‌కి రెండేళ్లు. పిల్లలతో ఆడేవాడు, నా చీర కొంగు పట్టుకుని తిరిగేవాడు. అంతకు ముందు రెండుసార్లు వాడి సంగతి నాకు తెలిసొచ్చింది. ఒకసారి గోడ మీది పిల్లిని పట్టబోయాడు. ఇంకోసారి కూరగాయల బండి అతని కాలిమీదికి వెళ్లి లుంగీ చింపేశాడు. నేనేం చేశానో తెలుసా? అతనికి కొత్త లుంగీ కొనిచ్చి, "అయ్యగారికి చెప్పకు" అన్నాను. చెబితే మీ పెదనాన్న కుక్కని ఎవరికో ఇచ్చేస్తారని భయం. ఇంకోటి, గేటు గడియ వారం రోజుల నుంచి వదులుగా ఉంది. పాత చీర అంచు చింపి ముడేసి నెట్టుకొస్తున్నాను. రేపు వెల్డింగ్ చేయిద్దాం, ఎల్లుండి చేయిద్దాం అని.

ఆ రోజు పొద్దున పాలాయన వచ్చాడు. ముడి విప్పి గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఎదురింటి టీచరుగారు తన పింకీని తిప్పుకుని వస్తున్నారు. తెల్లటి పోమరేనియన్, అచ్చం మన జున్నులా. నా కాళ్ల మధ్య నుంచి టైగర్ బాణంలా వెళ్లాడు. మొరగలేదు, గుర్రుమనలేదు. పింకీని నడుం దగ్గర పట్టి తడిబట్ట దులిపినట్టు దులిపాడు. నేను గిన్నెతో వాడి నెత్తిన కొట్టాను, పాలన్నీ రోడ్డు మీద. కాలర్ పట్టుకుని వెనక్కి గుంజాను. ఇంకా గట్టిగా పట్టాడు. నోట్లో చెయ్యి పెట్టాను. అప్పుడు పోయింది వేలు. చివరికి పాలాయన, గేదెల్ని కాసే మనిషి కదా, వెనక నుంచి వచ్చి వాడి రెండు వెనక కాళ్లూ పట్టి పైకెత్తేశాడు. వదిలాడు.

పింకీని చూశాం. బొచ్చు విప్పి చూస్తే పెన్ను పాళీతో గుచ్చినట్టు రెండు చిన్న చిల్లులు. రెండు చుక్కల రక్తం. "ఏం కాలేదు టీచరుగారూ, చిన్న గాటే" అన్నాను. పసుపు తెచ్చి అద్దాను. కుక్కల గురించి నాకు తెలుసని ఆవిడకి నమ్మకం. ఇంట్లోకి తీసుకెళ్లిపోయారు. సాయంత్రానికి పింకీ నీళ్లు ముట్టలేదు. మర్నాడు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన నడుం మీద బొచ్చు గొరిగాడు. కింద చర్మమంతా నేరేడుపండు రంగు. "పైన చిల్లు చూస్తారేంటమ్మా, లోపలంతా నలిగిపోయింది" అన్నాడు. పెద్ద కుక్క చిన్నదాన్ని పట్టి దులిపినప్పుడు చర్మం సాగుతుందట, కోరలు లోపల తిరుగుతాయట. కండ, పక్కటెముకలు, పేగులు, ఏవి చితికాయో పైనుంచి కనపడదు. ముందురోజే తెచ్చి ఉంటేనా అన్నాడు. మూడో రోజు తెల్లవారుజామున పోయింది.

టీచరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ పొద్దున ముగ్గు వేసేటప్పుడు మా గేటువైపు వీపు పెట్టి కూర్చునేవారు, అంతే. రెండేళ్ల తర్వాత ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోయారు. టైగర్ ఇంకో ఆరేళ్లు బతికాడు, పెరట్లో గొలుసుతోనే. నా తప్పుకి వాడు కట్టుబడ్డాడు.

ఇది మీ అమ్మకి కూడా తెలియదు. చెప్పకు. కాదు, చెప్పు. దాచి ఏం బావుకున్నాను?

సరే. బ్రూనోని నేరుగా ఇంట్లోకి తీసుకురావద్దు, ఇల్లు జున్నుది. బయట, రెండింటికీ కొత్త చోట, ఇద్దరు మనుషులు రెండు తాళ్లు పట్టుకుని, దూరదూరంగా ఒకే దిక్కుకి నడవండి. ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నడిస్తే మర్నాడు కాస్త దగ్గరగా. తొందరేం లేదు, నెల పట్టనీ. ఒళ్లు బిగుసుకుని, నోరు మూసి, కన్నార్పకుండా జున్నునే చూస్తుంటే వెంటనే తిప్పి తీసుకెళ్లిపో. గుర్రుమంటే మాత్రం కొట్టకు. గుర్రుమనడం ముందుగా చెప్పడం. దెబ్బలకి భయపడి అది మానేసిన కుక్క ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

అన్నాలు వేర్వేరు గదుల్లో, తలుపేసి. నువ్వు ఇంట్లో లేనప్పుడు రెండూ ఒక్క గదిలో ఉండకూడదు. ఏడాది గడిచినా సరే, పక్కపక్కన పడుకుని ఫోటోలు దిగినా సరే.

బయటికి తీసుకెళ్లేటప్పుడు బ్రూనోకి మూతి బుట్ట అలవాటు చెయ్యి. నూర్పిళ్లప్పుడు ఎద్దులకి చిక్కం కట్టేవాళ్లు చూడు, అలాంటిదే. నోరు బిగించే పట్టీ కొనకు, బుట్టలాంటిదే కొను. కుక్కకి నాలుక బయటపెట్టి వగరిస్తేనే ఒళ్లు చల్లబడేది, మీ హైదరాబాద్ ఎండల్లో నోరు కట్టేస్తే చచ్చిపోతుంది. ముందు బుట్టలో పెరుగన్నం ముద్ద పెట్టి మూతి దానంతట అదే దూర్చేలా చెయ్యి. లిఫ్టులో జనం భయంగా చూస్తే చూడనీ. అసోసియేషన్ వాళ్లు కుక్కే ఉండకూడదంటే, పెంపుడు జంతువుల్ని అలా నిషేధించే హక్కు వాళ్లకి లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పిందని మర్యాదగా చెప్పు. కానీ మన అజాగ్రత్త వల్ల మనిషికి దెబ్బ తగిలే పరిస్థితి వస్తే కొత్త భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు ఉందని కూడా గుర్తుపెట్టుకో. హక్కు గురించి మాట్లాడేవాళ్లు ఆ సెక్షన్ గురించి మాట్లాడరు.

దేవుడి దయవల్ల జరగకూడదు గానీ, జరిగితే నోళ్ల మధ్య చెయ్యి పెట్టకు. గుంజకు, గుంజితే కండ ఊడొస్తుంది. పాలాయన చేసినట్టు వెనక కాళ్లు. వదలగానే తలుపు అవతలికి. ఆ తర్వాత చిల్లు చిన్నదా పెద్దదా చూడకుండా జున్నుని ఆసుపత్రికి. అర్ధరాత్రి తెరిచుండే పశువుల ఆసుపత్రి ఎక్కడుందో ఇప్పుడే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించు. మీలో ఎవరికైనా పన్ను దిగితే పసుపు, కారం, సున్నం ఏదీ వద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసి కడుక్కుని అదే రోజు ఇంజెక్షన్‌కి వెళ్లు. నాకు బొడ్డు చుట్టూ పొడిచారు, మీకు ఆ బాధ లేదు, చేతికే. కుక్కకి టీకాలున్నాయి కదా అని నువ్వు నిర్ణయించకు, డాక్టరు నిర్ణయించాలి.

అన్నిటికంటే నాకు భయం మీ వాకిలి. మీకు రోజుకి ఎన్ని పార్సిళ్లొస్తాయో నాకు తెలుసు, పోయినసారి వచ్చినప్పుడు లెక్కపెట్టాను, ఒక్క ఆదివారం ఏడు. బెల్లు మోగగానే చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి తలుపు బార్లా తీస్తావు. ఆ గ్రిల్ తలుపుకున్న గడియ పిల్లి తోసినా ఊడొస్తుంది. బెల్లు మోగితే ముందు బ్రూనో గదిలోకి, గది తలుపు పడ్డాక గ్రిల్. పార్సిల్ కుర్రాడు రెండు నిమిషాలు ఆగుతాడు, ఏం కాదు.

బస్సు పార్సిల్‌లో సున్నుండలు, చింతకాయ పచ్చడి పంపుతున్నాను. అడుగున గుడ్డలో చుట్టి ఒక ఇనప గడియ ఉంటుంది, బరువుగా ఉందని భయపడకు. పింకీ పోయిన వారానికి మీ పెదనాన్న చేయించి తెచ్చారు. అప్పటి నుంచి మూడు ఇళ్లు మారాం, ప్రతిసారీ దాన్ని ఊడదీసి వెంట తెచ్చుకున్నాను. మరలు మాత్రం కొత్తవి కొను. బిగించాక ఫోటో తీసి పంపు, గడియ పడి ఉన్నప్పుడు, లోపలి వైపు నుంచి.

జున్నుకి సున్నుండ పెట్టకు, దానికి అరగదు.

మీ పెద్దమ్మ