ప్రశ్నను అంత తొందరగా వదిలేయకు

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. క్లాసులో అందరికీ ఏవేవో ఐడియాలు వస్తున్నాయి, నాకే ఏమీ తట్టడం లేదు, నాకు క్రియేటివిటీ లేదేమో అని రాశావు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇన్నేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను కదా, కొత్త ఆలోచన వచ్చిన ప్రతి పిల్లాడిలోనూ నాకు కనబడింది ఒకటే, ఏదో చిన్న విషయం తేలక వాణ్ణి తినేస్తూ ఉంటుంది, వాడు దాన్ని వదలడు.

ఇప్పుడే కాగితం తీసుకో. బేసి సంఖ్యల్ని వరసగా కూడుతూ పో. 1, తర్వాత 1+3 అంటే 4, ఇంకో 5 కలిపితే 9, ఇంకో 7 కలిపితే 16. అన్నీ వర్గాలే! సూత్రం బట్టీ పడితే మార్కులొస్తాయి, కానీ ఎందుకలా అవుతోందో చూడకుండా ముందుకెళ్లకు. ఒక చుక్క పెట్టు. దాని పక్కన ఒకటి, కింద ఒకటి, మూలన ఒకటి పెడితే రెండేసి చుక్కల చదరం వస్తుంది. మళ్లీ కుడివైపూ కిందా అంచు కట్టాలంటే ఐదు కావాలి, ఆ తర్వాతి అంచుకి ఏడు. చదరం పెరిగినప్పుడల్లా అంచుకి రెండు చుక్కలు ఎక్కువ పడుతున్నాయి, అంతే సంగతి. ఇది నీ చేత్తో గీశాక సూత్రం మర్చిపోయినా మళ్లీ నువ్వే రాబట్టుకోగలవు.

సముద్రం నీలంగా ఉండేది ఆకాశం అందులో ప్రతిబింబించడం వల్లే అని ఒకప్పుడు పెద్ద శాస్త్రవేత్తలే చెప్పారు. 1921లో ఓడలో వస్తున్న సి.వి. రామన్ గారికి ఆ జవాబు సరిపోలేదు. వెంట ఉన్న నికోల్ పట్టకంతో, అంటే ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చే స్ఫటికంతో, నీటి మీద పరావర్తనం చెందే వెలుగును అడ్డుకుని చూశారు. ఆకాశం ప్రతిబింబం పోయింది, నీలం పోకపోగా ఇంకా బాగా కనబడింది! అంటే నీళ్లే వెలుగును చెదరగొడుతున్నాయన్నమాట. ఇక అక్కడి నుంచి ఏళ్ల తరబడి ద్రవాల్లో వెలుగు ఎలా చెదురుతుందో విద్యార్థులతో కలిసి చూస్తూనే ఉన్నారు. మధ్యలో ఉండకూడని, రంగు మారిన మసక వెలుగొకటి కనబడింది. మలినాల వల్లేమో అనుకుని ద్రవాన్ని ఎన్నిసార్లు శుద్ధి చేసినా అది పోలేదు. పోని ఆ వెలుగే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్‌గా, అంటే పదార్థంలో చెదిరిన వెలుగులో కొంత రంగు మారడంగా తేలింది, 1930లో నోబెల్ తెచ్చింది. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనది ఆ శుద్ధి చేయడమే, ఎవరూ చప్పట్లు కొట్టని పని అది.

పట్టుదల అంటే తెల్లవార్లూ ఒకే లెక్క ముందు కూర్చోమని కాదు, అలా చేస్తే తలనొప్పి తప్ప ఏమీ రాదు. దారి మార్చి చూడు, లెక్కలో పెద్ద అంకెలుంటే చిన్నవి వేసి చూడు, బొమ్మ గీయి. అప్పటికీ కదలకపోతే ఎక్కడ ఆగావో ఒక్క వాక్యం రాసి పడుకో. ఫోన్‌లో వెతకొద్దని చెప్పను, కాకపోతే ముందు నీ ఊహ రాసుకుని తర్వాత వెతుకు. రెండూ కలవకపోతే ఇంకా మంచిది, ఎక్కడ తేడా వచ్చిందో తవ్వుకోవచ్చు.

ఈసారి 1, 8, 27 కూడి చూడు. 36 వస్తుంది, అదీ వర్గమే. 64 కూడా కలుపు. ఘనాలు కూడితే వర్గం ఎందుకొస్తోంది? జవాబు నేను చెప్పను, ఆదివారంలోగా ఎంతవరకు వెళ్లావో రాయి, తప్పో ఒప్పో ఏదైనా సరే.

మీ మామయ్య