కొత్త కబడ్డీ అంపైర్లు మరుసటి సంక్రాంతికి ఎందుకు రావడం లేదు?

మీ మండలంలో సంక్రాంతి కబడ్డీ పోటీలకు వచ్చిన కొత్త అంపైర్లు మరుసటి ఏడాది కనిపించడం లేదని, కొత్తవారిని ఎలా తేవాలో, ఎలా నిలుపుకోవాలో చెప్పమని అడిగారు. పల్లె పోటీల్లో చాలాకాలంగా అంపైరుగా ఉన్న అనుభవంతో చెబుతున్నాను: నిబంధనలు రాక మానేసినవారిని నేను పెద్దగా చూడలేదు; గొడవ వచ్చినప్పుడు తమ పక్కన ఎవరూ నిలబడలేదన్న బాధతో మానేసినవారే ఎక్కువ.

లాబీ, అంటే బరికి రెండు పక్కలా పొడవునా గీసిన సన్నని పట్టీ, దాని విషయమే చూడండి. కూతకు వచ్చిన ఆటగాడు ఎవరినీ తాకకముందు లాబీలో కాలు పెడితే ఔటవుతాడు. తాకి, పెనుగులాట మొదలయ్యాక అదే లాబీ ఆటస్థలంలో భాగమవుతుంది. తాకడం, కాలు పడడం రెప్పపాటులో జరిగిపోతాయి కనుక, గీత పక్కన కూర్చున్న ఊరివాళ్లందరూ తాము చూసిందే నిజమంటారు. ఫైనల్లో అలాంటి తీర్పును ఒక కుర్రవాడి మీద వదిలేసి నిర్వాహకులు వేదిక దిగకపోతే, అతను మళ్లీ ఎందుకు వస్తాడు?

అందుకే కొత్తవారిని ముందుగా సహాయ స్కోరర్లుగా పెట్టండి. ఔటైనవారిని వరుసక్రమంలో కూర్చోబెట్టడం, అదే వరుసలో తిరిగి బరిలోకి పంపడం, వెనుక గీత దాటినవారిని గమనించి చెప్పడం వారి పని. జనం అరుపులు తమ మీదికి రాకుండానే ఆట వేగానికి కళ్లు అలవాటుపడతాయి. ఆ తర్వాత లీగ్ మ్యాచుల్లో అంపైరుగా దించి, అవతలి పక్క అంపైరుగా అనుభవమున్నవారిని ఉంచండి. ఇద్దరికీ అభిప్రాయం కలవనప్పుడు నిర్ణయం రెఫరీది కాబట్టి, ఆ రెఫరీ కొత్తవాడి తీర్పును జనం ముందు కొట్టిపారేయకుండా, దగ్గరికి పిలిచి ఏం చూశాడో విని మాట్లాడేవాడై ఉండాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కెప్టెన్ తప్ప ఎవరూ అంపైరును ప్రశ్నించరాదని పోటీకి ముందే జట్లకు చెప్పి, మీరిన జట్టుపై నిర్వాహకులే చర్య తీసుకోవాలి.

ఇక కొత్తవారిని తేవడమంటారా, వాట్సాప్‌లో ప్రకటన పెడితే ఎవరూ రారు. మోకాలి గాయంతో ఆట వదిలినవారిని, కాలేజీ అయ్యాక జట్టు లేనివారిని, పెళ్లయ్యాక ఆటకు దూరమైన అమ్మాయిలను ఇంటికి వెళ్లి అడగండి. మహిళలను పిలిచేటప్పుడు బట్టలు మార్చుకునే గది, ఫ్లడ్‌లైట్ల కింద మ్యాచులు ఆలస్యమైతే ఇంటి వరకు దించే వాహనం ముందే ఏర్పాటు చేయండి. భత్యం, దారి ఖర్చులు మాత్రం అందరికీ ఆ రాత్రే చేతికివ్వండి.