జోర్కీనా, కీవ్‌నా? ముందు మెకానిక్‌ని వెతుక్కోండి

పాత సోవియట్ రేంజ్‌ఫైండర్ (రెండు కిటికీల్లోంచి కనిపించే బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ కుదుర్చుకునే ఫిల్మ్ కెమెరా) కొనాలనుకుంటున్నారు, జోర్కీ 4, కీవ్ 4 ఇంచుమించు ఒకే ధరకి దొరుకుతున్నాయి, ఏది తీసుకోవాలి అని అడిగారు. నా దగ్గర రెండూ ఉన్నాయి. కీవ్ అంటేనే నాకు ఇష్టం. అయినా మీరు జోర్కీయే తీసుకోండి.

కీవ్ గొప్పదనం కాదనను. జర్మనీలో 1936లో వచ్చిన కాంటాక్స్ 2 కెమెరా డిజైనే అది. రెండో ప్రపంచ యుద్ధ నష్టపరిహారం కింద ఆ యంత్రసామగ్రి సోవియట్ చేతికి వెళితే, కీవ్ నగరంలోని ఆర్సెనల్ ఫ్యాక్టరీ అదే కెమెరాని తన పేరుతో చేసింది. రేంజ్‌ఫైండర్ కిటికీల మధ్య దూరం 90 మిల్లీమీటర్లు. జోర్కీలో అందులో సగం కూడా లేదు. ఆ దూరం ఎంత ఎక్కువుంటే ఫోకస్ అంత కచ్చితంగా కుదురుతుంది. కాకపోతే కెమెరా మామూలుగా పట్టుకుంటే మన వేలు సరిగ్గా ఆ కిటికీ మీదే పడుతుంది!

అసలు సంగతి షట్టర్, అంటే ఫిల్మ్ మీద వెలుగు పడేలా తెరుచుకుని మూసుకునే తెర. కీవ్‌లో దుకాణం షట్టర్ లాగే సన్నటి లోహపు పట్టీలు పైనుంచి కిందికి దిగుతాయి, వాటిని లాగేది గుడ్డ రిబ్బన్లు. నా కీవ్‌లో ఒక రిబ్బన్ తెగితే కోఠిలో ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పై మూత విప్పి, భూతద్దం పెట్టుకుని లోపలికి చూసి, ఏమీ మాట్లాడకుండా మళ్లీ మూత బిగించేశాడు. "ఇది నా వల్ల కాదు సార్, వేరే చెయ్యి చూసుకోండి" అన్నాడు. "పోనీ ఇది చూడండి భాయ్" అని సంచిలోంచి జోర్కీ తీసి ఇచ్చాను. దాని షట్టర్ కూడా ఈడ్చుకుంటూ నడుస్తోంది. చేతిలోకి తీసుకోగానే మొహం వెలిగింది. "అరే, ఇది మన జెనిత్ కదా!" అన్నాడు. నిజమే, జెనిత్ కూడా సోవియట్ కెమెరాయే, 1952లో మొదటి జెనిత్‌ని జోర్కీ మీదే కట్టారు. అడ్డంగా నడిచే అదే గుడ్డ తెర. జెనిత్‌లు బాగుచేసిన చెయ్యికి జోర్కీ కొత్త కాదు. నేను చాయ్ తాగి వచ్చేలోపు అడుగున ఉన్న టెన్షన్ స్క్రూలు తిప్పి షట్టర్‌ని దారికి తెచ్చేశాడు. డబ్బులు కూడా మొహమాటపడుతూ తీసుకున్నాడు. ఇలాంటివాళ్లు ఊళ్లో ఎంతమంది మిగిలారు చెప్పండి? కెమెరా ఎంచుకోవడం అంటే నా లెక్కలో మెకానిక్‌ని ఎంచుకోవడమే. యూట్యూబ్‌లో ఇది ఒక్కరూ చెప్పరు. బొకే (వెనకభాగం మసకబారే తీరు), షార్ప్‌నెస్ అంటూ గంటలు గంటలు లాగుతారు.

లెన్స్ క్వాలిటీ గురించి టెన్షన్ వద్దు. జూపిటర్ 8 అనే లెన్స్ రెండు కెమెరాలకీ దొరుకుతుంది, లోపలి అద్దాలు ఒకటే, జర్మన్ కంపెనీ జైస్ వాళ్ల పాత సోనార్ లెన్స్ డిజైన్. తేడా మౌంట్‌లో, అంటే లెన్స్ కెమెరాకి తగిలే చోట ఉంది. జోర్కీది ఎం39 మరచుట్టు, పేరున్న జర్మన్ కెమెరాలు పాత లైకాలదీ అదే. రేపు ఫిల్మ్ ధర చూసి విసుగొస్తే (వస్తుంది, ఇప్పుడు రోల్ రేటు, డెవలపింగ్, స్కానింగ్ కలిపి చూస్తే గుండె గుభేలుమంటుంది) ఒక చిన్న రింగ్ కొని ఆ లెన్స్‌ని మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాకి తగిలించుకోవచ్చు. కీవ్ 50 ఎం.ఎం. లెన్స్‌కి ఫోకస్ తిప్పే మర కెమెరా బాడీలోనే ఉంటుంది. లెన్స్ ఒక్కటీ తీస్తే ఫోకసే ఉండదు. దానికి వేరే అడాప్టర్ కావాలి, అది ఖరీదు.

ఆన్‌లైన్‌లో "ఫిల్మ్ టెస్టెడ్, మింట్" (ఫిల్మ్ వేసి చూశాం, కొత్తదానిలా ఉంది) అని రాసినవాళ్లని నమ్మకండి. షట్టర్ అన్ని వేగాల్లో నడుస్తున్న వీడియో అడగండి, లెన్స్‌లోకి టార్చ్ వేసి చూపించమనండి, బూజు ఉంటే వదిలేయండి. బంగారు పూత, లైకా పేరు ఉన్నవి కనబడితే అసలు ఆగొద్దు. వాటిలో చాలావరకు పేరు మార్చిన జోర్కీలు గానీ, ఫెడ్ అనే ఇంకో సోవియట్ కెమెరాలు గానీ అయ్యుంటాయి, రేటు మాత్రం మూడింతలు చెబుతారు.

జోర్కీ వచ్చాక ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఫిల్మ్ ముందుకు తిప్పి షట్టర్ ఎక్కించాకే వేగం మార్చాలి. ముందే మారిస్తే లోపల పాడవుతుంది, మళ్లీ కోఠి వెళ్లాల్సిందే.