పోలేపల్లిలో సేఫ్టీ ట్రైనింగ్ చెప్పబోతున్న మేనకోడలికి

హుజూర్‌నగర్

బిడ్డా,

నువ్వు పంపిన స్లైడ్లన్నీ చూశాను. హెడ్డాఫీసు నుంచి వచ్చినవి కదా, బొమ్మలు బాగున్నాయి. పసుపు హెల్మెట్ పెట్టుకొని నవ్వుతున్న ఆ తెల్లాయన జడ్చర్ల ఎండలో ఒక్క పూట పనిచేస్తే అట్లా నవ్వుతాడో లేదో గానీ, బొమ్మలకు వంక పెట్టలేం. సోమవారం నుంచి కొత్తవాళ్లకూ కాంట్రాక్టు వాళ్లకూ ట్రైనింగ్ నువ్వే చెప్పాలన్నారని, టెన్షన్‌గా ఉందని అన్నావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను. నేను పనిచేసింది సిమెంట్‌లో, నువ్వున్నది మందుల ఫ్యాక్టరీలో. మా దగ్గర దుమ్ము, వేడి, బెల్టులు. మీ దగ్గర సాల్వెంట్లు, యాసిడ్లు, రియాక్టర్లు. కానీ మట్టంపల్లి, మేళ్లచెరువు దిక్కు హెల్పర్ ఎట్లా ఆలోచిస్తాడో పోలేపల్లిలో హెల్పరూ అట్లాగే ఆలోచిస్తాడు. కాబట్టి నా మాటలు నీకు పనికొస్తాయి.

ముందు ల్యాప్‌టాప్ మూసి ప్లాంటంతా తిరుగు. రాత్రి షిఫ్టులో, రెండు మూడు గంటలప్పుడు తిరుగు. పగలు మేనేజర్లు ఉంటారు, అందరి కళ్లకూ గాగుల్స్ ఉంటాయి. రాత్రి అసలు సంగతి కనపడుతుంది. ఏ మోటారు గార్డు ఊడదీసి బైండింగ్ వైరుతో కట్టారో, ఏ ఎమర్జెన్సీ తలుపుకు తాళం పడిందో, సేఫ్టీ షవర్ ముందు ఎన్ని డ్రమ్ములు పేర్చారో రాసుకో. షవర్ గొలుసు ఒకసారి లాగి చూడు. నీళ్లు రాకపోతే ఒక బాధ, ఎండలో ఉన్న పైపులోంచి కాగిన నీళ్లు వస్తే ఇంకో బాధ. అవి బాగుచేయించాకే ట్రైనింగ్ మొదలుపెట్టు. 'కంట్లో పడితే షవర్ దగ్గరికి ఉరకండి' అని నువ్వంటావు, ఆ షవర్లో నీళ్లు రావని వాళ్లకు ముందే తెలుసు. ఇక నువ్వు చెప్పే మిగతాది ఎవడూ చెవిన పెట్టడు.

ఆ తర్వాత ఎవరికి చెప్తున్నావో చూసుకో. ఏసీ హాల్లో మొదటి వరసలో కూర్చునేది కెమిస్టులు, సూపర్‌వైజర్లు. డ్రమ్ము దొర్లించేదీ, ట్యాంకు కడిగేదీ, పైపు కోసేదీ కాంట్రాక్టు మనుషులు. వాళ్లలో సగం మంది చుట్టుపక్కల పల్లెలవాళ్లు, మిగతావాళ్లు ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు. ముందు వాళ్లనే పిలువు, డ్యూటీ దిగాక కాకుండా డ్యూటీ టైంలోనే పిలువు. పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడికి నువ్వేం చెప్పినా నిద్రపాటే. ఒక్కసారి రెండు గంటలు చెప్పే బదులు షిఫ్టు ఎక్కేముందు పావుగంట చొప్పున, పనిచేసే చోటే నిలబెట్టి చెప్పు. తెలుగు రానివాళ్లకు నీ హిందీ సరిపోదు. వాళ్లలోనే కాస్త చురుకైనవాణ్ణి పట్టుకొని ముందురోజే నేర్పించి వాడితోనే చెప్పించు.

గుంపు మేస్త్రీని మాత్రం వదలకు. పాలమూరు మనుషులు తరాలుగా మేస్త్రీ వెంట వలసపోయినవాళ్లు. మేస్త్రీ హెల్మెట్ చంకలో పెట్టుకొని తిరిగితే ఇరవై మందీ అంతే. అతన్ని విడిగా కూర్చోబెట్టి, చాయ్ తాగించి, మర్యాదగా మాట్లాడు. ఒక్కసారి అతను నీ వైపు తిరిగాడంటే సగం పని అయిపోయినట్టే.

'ఆడపిల్ల చెప్తే వింటారా మామా' అన్నావు. హార్నెస్ నువ్వే కట్టుకొని చూపించు, ఊపిరికి గాలినిచ్చే ఎస్‌సీబీఏ సిలిండర్ సెట్టు నువ్వే వీపున వేసుకో. ఆపరేటర్లలో పెద్దవాణ్ణి 'అన్నా, ఈ వాల్వ్ కట్టేసినా ఎన్నిసార్లు పాసై లీకైంది?' అని అందరి ముందూ అడుగు. తనకు తెలిసింది అడిగితే ఎవడైనా మాట్లాడతాడు. అతను నోరు విప్పాక మిగతావాళ్లు చప్పుడు చేయకుండా వింటారు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు ఒకే ఒక్క గంట ఇచ్చారనుకో, ఆ గంటంతా వెసల్ ఎంట్రీ మీదే పెట్టు, అంటే ట్యాంకులోకో రియాక్టర్లోకో మనిషి దిగే పని మీద. మీ ఫ్యాక్టరీల్లో మనిషిని చప్పుడు లేకుండా తీసుకుపోయేది నైట్రోజన్. దానికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరాడని బాధ కూడా తెలియదు. ఎందుకంటే మన ఒంటికి ఉక్కిరిబిక్కిరి అనిపించేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే. నైట్రోజన్‌లో ఉన్నవాడు దాన్ని మామూలుగానే బయటికి వదులుతూ ఉంటాడు, కాబట్టి ఏమీ అనిపించదు. ఆక్సిజన్ మరీ తక్కువైతే రెండు మూడు ఊపిర్లలోనే పడిపోతాడు. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కంటే తగ్గితే లోపలికి పంపకూడదు. ఈ రెండు అంకెలూ ప్రతి హెల్పర్‌కూ నోటికి రావాలి. మీటరు పైన ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి దించి చూడాలి. బరువైన ఆవిర్లు అడుగుననే ఉంటాయి.

నైట్రోజన్ లైను వాల్వ్ కట్టేశామంటే ఒప్పుకోకు. వాల్వ్ అన్నది పాసవుతుంది. లైను విప్పి బ్లైండ్, అదే పైపును మూసేసే ఇనుప బిళ్ల, వేయించు. లోపల కలియబెట్టే అజిటేటర్ మోటారు స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు, తాళం పడాలి, ఆ తాళంచెవి లోపలికి దిగేవాడి జేబులోనే ఉండాలి. సూపర్‌వైజర్ దగ్గర కూడా వద్దు. లోపలికి ఇచ్చే లైటు 24 వోల్టులు దాటకూడదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 36ఏ సెక్షన్‌లో ఆ మాట ఉండేది.

ఇవన్నీ చెప్పాక రెండోవాడి సంగతి చెప్పు. మా దిక్కు ఒక ఫ్యాక్టరీలో, పేరెందుకులే, మురుగునీళ్ల ట్యాంకులో పంపు జామైతే ఒకతను దిగి పడిపోయాడు. పైనున్నది అతని బామ్మర్దే. అయ్యో బావా అని దూకాడు. వాళ్లిద్దరి కోసం మూడోవాడు. చివరివాడొక్కడే బతికాడు. నేను వెళ్లేసరికి ట్యాంకు రెయిలింగుకు కొత్త తాడు వేలాడుతోంది, కట్టిన ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. తాడు కొన్నారు, ఆడిట్‌కు చూపించారు. దాన్ని వాడే పద్ధతి మాత్రం ఎవరికీ నేర్పలేదు.

అందుకే మాటలతో ఆపకు. యాభై అరవై కిలోల ఇసుక గోనెసంచిలో నింపు, దానికో చొక్కా తొడిగి, కడిగి గాలి పరీక్ష చేసిన ఖాళీ వెసల్లోకి మ్యాన్‌హోల్ నుంచి దించు. ఒక్కసారిగా విజిల్ ఊది 'మనిషి పడ్డాడు' అని అరువు. ఎవడో ఒకడు మ్యాన్‌హోల్ దగ్గరికి ఉరుకుతాడు. భుజం పట్టి ఆపు, తిట్టొద్దు. మంచివాడు కాబట్టే ఉరికాడు, చచ్చేవాళ్లు కూడా అట్లాంటివాళ్లే. తర్వాత ఆ సంచిని ఉత్త చేతులతో పైకి లాగమను. ఇద్దరు పట్టినా ఆ ఇరుకు బొక్కలోంచి రాదు. అప్పుడు మూడు కాళ్ల ట్రైపాడ్ నిలబెట్టి, తాడు చుట్టే వించ్ తిప్పించు, ఒక్కడే లాగేస్తాడు. లోపలికి దూకితే మనిషిని బయటికి తేలేమని వాళ్ల చేతులకే తెలిసిపోతుంది. బయట నిలబడే స్టాండ్‌బై మనిషి పని నిలబడటమే. ఫోన్ లేదు, చాయ్ లేదు, 'ఆ స్పానర్ తీసుకురా' అంటే పోవడం లేదు. కొత్త పిల్లగాణ్ణి, పనికిరానివాణ్ణి అక్కడ నిలబెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. నువ్వు మాత్రం అందరికంటే నిదానస్తుణ్ణి ఏరి పెట్టు.

సాల్వెంట్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఒక్కటి మాత్రం చూపించు. టోలీన్ నాలుగు డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన దగ్గర చలికాలం తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. అంటే ఏడాది పొడుగునా నిప్పురవ్వ కోసం కాచుకొని ఉన్నట్టే. ఆ రవ్వ పుట్టకుండా డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్పు పెట్టాం కదా అంటారు. దగ్గరికి పోయి చూడు, క్లిప్పు పళ్లు రంగు మీద ఉంటాయి. కింద ఇనుము తగలకపోతే ఆ క్లిప్పు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. రంగు గీకి, పళ్లు ఇనుములో దిగేదాకా నొక్కి, మీటరు పెట్టి చూపించు. రంగు మీద ఉన్నప్పుడు ఒకసారి, గీకాక ఒకసారి. ముల్లు కదలడం కళ్లారా చూసినవాడు మర్చిపోడు.

ప్రథమ చికిత్సలో ఇంటి వైద్యాలతోనే నీకు తలనొప్పి. కంట్లో ఏదైనా పడితే ఆముదం చుక్క, చనుబాలు, కాలితే టూత్‌పేస్టు. పల్లెల్లో పుట్టిన మనందరికీ అలవాటే. ఎగతాళి చేయకుండా చెప్పు. కంటికి పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్లు, రెప్పలు విప్పి పట్టుకొని, అవతలివాడు అరిచినా సరే. పదిహేను నిమిషాలంటే ఎంతసేపో గడియారం పెట్టి ఒకసారి నిలబెట్టు, అప్పుడు తెలుస్తుంది. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయొద్దు అన్నది పాత మాటే గానీ చెప్పక తప్పదు. మంటలార్పే సిలిండర్ ప్రతివాడితోనూ ఒకసారి నొక్కించు. కార్బన్ డయాక్సైడ్ దాని కొమ్ము ఉత్త చేత్తో పట్టుకుంటే చలికి చెయ్యి కమిలిపోతుందని అప్పుడే చెప్పు.

మనుషుల లెక్క ఒకటుంది, దాన్ని ఎవరూ ట్రైనింగ్ అనుకోరు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా పోయారు. బతుకుదెరువుకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు అందులో చాలామంది. లోపల ఎవరున్నారు, బయటపడ్డదెవరు అన్నది తేలడానికి రోజులు పట్టింది, డీఎన్‌ఏ పరీక్షల దాకా పోయింది. కాబట్టి ప్రమాదమప్పుడు అందరూ చేరే అసెంబ్లీ పాయింట్ అంటే ఆకుపచ్చ బోర్డు ఒక్కటే కాదని నేర్పు. సైరన్ మోగగానే కాంట్రాక్టరు హాజరు పుస్తకం గేటు దగ్గరికి రావాలి, పేరు పేరునా పిలవాలి. నెలకోసారి రాత్రి షిఫ్టులో చేయించు. పనిలో పనిగా ప్రతి కాంట్రాక్టు మనిషినీ ఈఎస్‌ఐ కార్డుందా అని అడుగు. పనిలో దెబ్బ తగిలితే వచ్చే లాభం చేరిన మొదటి రోజు నుంచే ఉంటుంది, కొన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

తృటిలో తప్పిన ప్రమాదాలను మనవాళ్లు చెప్పరు. 'గండం తప్పింది' అని గేటు పక్కనున్న మైసమ్మకు కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటారు. కొట్టనీ, నేనూ కొట్టినవాణ్ణే. కాకపోతే కాయ కొట్టినవాడు నీ రిజిస్టర్లో కూడా ఒక ముక్క రాయించాలి. రాయాలంటే వాడికి జీతం కోత భయం ఉండకూడదు. తప్పు చెప్పినవాడికి ఫైను వేసే సూపర్‌వైజర్ ఉన్నన్నాళ్లు నీ రిజిస్టర్ తెల్లగానే ఉంటుంది. ఆ సంగతి మేనేజర్‌తో ముందే తేల్చుకో.

మేనేజర్ అంటే గుర్తొచ్చింది. సంతకాల షీటు అడుగుతారు, ఆడిట్‌కు కావాలి, ఇవ్వు. కానీ చెప్పకుండా సంతకాలు తీసుకోమంటే మాత్రం తీసుకోకు. రేపు ఏదైనా జరిగితే 'వీడికి ట్రైనింగ్ ఇచ్చాం' అని చూపించే కాగితం అదే, దాని మీద నీ పేరుంటుంది. 1984 భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చినప్పుడు, తను వాడే పదార్థం ప్రమాదమేంటో తెలుసుకునే హక్కు, ప్రాణాపాయం అనిపిస్తే పైవాళ్లకు చెప్పే హక్కు కార్మికుడికి వచ్చాయి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి 2020 నాటి కొత్త వృత్తి భద్రత కోడ్ వచ్చినా ఆ హక్కులు పోలేదు. ఆ ముక్క తెలుగులో, హిందీలో, ఒడియాలో రాయించి క్యాంటీన్ గోడకు అంటించు. ఎవరన్నా పీకేస్తే మళ్లీ అంటించు.

మార్చి 4 సేఫ్టీ డేకి ముగ్గుల పోటీలు, స్లోగన్ల పోటీలు పెడతారు. పెట్టుకోనీ. ఆ బహుమతుల డబ్బుతో మంచి నైట్రైల్ గ్లౌజులు కొనిపించగలిగితే ఇంకా మంచిది. ఎండాకాలం మొదలవగానే ప్లాస్టిక్ సూటు వేసుకొనే వాళ్లకు పని మధ్యలో నీడ, ఓఆర్‌ఎస్ ఉండేట్టు చూడు. చెమట పట్టడం ఆగి మాట తడబడిందంటే వడదెబ్బే, ముందు ఒళ్లు తడిపి చల్లబరచాలి, ఆ వెంటనే ఆసుపత్రి.

సోమవారం మొదటి బ్యాచ్ అయ్యాక ఫోన్ చెయ్యి. ఇసుకసంచి దగ్గరికి ఎవడు ముందు ఉరికాడో చెప్పు, వాణ్ణే నీ రెస్క్యూ టీంలో వేసుకుందువు. అత్తమ్మ సకినాలు చేసింది, జడ్చర్ల పోయే మనిషి దొరికితే పంపిస్తాం.

నీ మామ