ట్రెస్-2బి గ్రహం బొగ్గుకన్నా నల్లగా ఎందుకు ఉంటుంది?

డ్రాకో నక్షత్రమండలంలో, మనకు సుమారు 700 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడిని పోలిన ఒక నక్షత్రం చుట్టూ తిరిగే ఈ వాయుగ్రహాన్ని 2006లో కనుగొన్నారు. పరిమాణంలో ఇది గురుగ్రహం కన్నా కొంచెం పెద్దది. తనపై పడిన వెలుగులో 1 శాతం కూడా ఇది వెనక్కి పంపదని 2011లో కెప్లర్ టెలిస్కోపు కొలతల ఆధారంగా తేల్చారు.

ఆ కొలత ఎంత సూక్ష్మమైనదో చెప్పుకోవాలి. చంద్రుడికి ఉన్నట్లే ఈ గ్రహానికీ కళలు ఉంటాయి కనుక, అది రెండున్నర రోజులకొకసారి ప్రదక్షిణ పూర్తిచేసే క్రమంలో నక్షత్రం, గ్రహం కలిసి ఇచ్చే మొత్తం వెలుగు 10 లక్షల్లో ఆరేడు వంతుల మేరకు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఆ స్వల్ప తేడానే కెప్లర్ పట్టుకుంది.

ఇక నలుపుకు కారణం. గురుగ్రహం మెరవడానికి దాని పైపొరల్లోని అమ్మోనియా మేఘాలే ముఖ్య కారణం. ట్రెస్-2బి తన నక్షత్రానికి కేవలం 50 లక్షల కిలోమీటర్ల చేరువలో ఉండి 1,000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాగుతున్నందువల్ల అక్కడ అలాంటి మేఘాలు ఏర్పడలేవు. సోడియం, పొటాషియం ఆవిర్లు, టైటానియం ఆక్సైడ్ వాయువు కాంతిని పీల్చుకుంటూ ఉండవచ్చునని శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు గానీ, ఇంతటి నలుపుకు అవి మాత్రమే చాలతాయని ఇంకా రుజువు కాలేదు.

అయితే అది పూర్తి కారుచీకటి కాదు. అంత వేడి వల్ల, బూడిద కప్పిన నిప్పుకణికలా మసక ఎరుపు రంగులో అది స్వయంగా వెలుగుతుంటుంది.